గుంటూరు నుంచి వెళ్లి పీతపిల్లల్ని లెక్కపెట్టడం ఎలా?

పీత పుట్టగానే పీతలా ఉండదు. గుడ్డులోంచి బయటపడ్డాక కొన్ని వారాలు నీళ్లలో తేలుతూ రూపం మార్చుకుంటూ పోతుంది. మండపీతకైతే జోయియా అనే రూపంలో ఐదు దశలు, ఆ తర్వాత మెగలోపా, అది దాటితేనే పీత రూపం. రొయ్యలు కూడా గుడ్లు సముద్రంలోనే పెడతాయి, పిల్లలు మాత్రం పోటు నీటితో కలిసి మడ అడవుల కాలువల్లోకి వస్తాయి. ఇవి ఎప్పుడు, ఎన్ని వస్తున్నాయో ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రాసిపెడితే తీరం పరిస్థితి తెలుస్తుంది. కెనడా పడమటి తీరంలో వాలంటీర్లు లైటు బోనులతో, అంటే వెలుతురుతో పిల్లల్ని రప్పించి పట్టే డబ్బాలతో, చేస్తున్నది ఇదే.

ముందు చోటు చూసుకోండి. సూర్యలంక బీచ్ వద్దు, అలలకి బోను నిలవదు. నిజాంపట్నం వైపు ఉప్పునీటి కాలువ మీద పడవలు కట్టే రేవు మేలు. ఊరి పెద్దలకి, మత్స్యశాఖ ఆఫీసులో చెప్పండి. అభయారణ్యం పరిధిలోకి వస్తే అటవీశాఖ అనుమతి తప్పదు. ఎవరో పట్నం వాళ్లొచ్చి రొయ్య సీడు పట్టుకుపోతున్నారని జనం అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

బోనుకి 20 లీటర్ల వాటర్ టిన్ను చాలు. చుట్టూ నాలుగు రంధ్రాలు కోసి, లీటరు బాటిళ్ల పైభాగాలు కత్తిరించి గరాటుల్లా బిగించండి. వెడల్పు మూతి బయటికి, సన్నమూతి లోపలికి. వెలుతురుకి వచ్చిన పిల్లకి తిరిగి ఆ సన్నదారి దొరకదు. అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తున ఒక కిటికీ కోసి సన్నజాలి అతికించండి. పైకి లాగినప్పుడు నీళ్లు కారిపోయినా పిల్లలు అడుగునీటిలో మిగలాలి. మధ్యలో నీరు చొరని సీసాలో తెల్ల ఎల్ఈడీ, దానికి చిన్న బ్యాటరీ, టైమరు.

ఇక కట్టడం. మేం మొదటిసారి బోనుని రేవు స్తంభానికి కట్టి హాయిగా ఇంటికొచ్చేశాం. తెల్లవారి వెళ్లేసరికి పాటు వచ్చి నీరు దిగిపోయింది, టిన్ను గాలిలో వేలాడుతోంది, లోపల జాలికి అంటుకున్న పిల్లలన్నీ ఎండిపోయాయి. అందుకని స్తంభానికి కాదు, తేలే డబ్బాకి కట్టండి. డబ్బాకి లంగరుగా ఒక రాయి వేయండి. అప్పుడు నీరు ఎక్కినా దిగినా బోను ఎప్పుడూ మూరెడు లోతులోనే ఉంటుంది.

సాయంత్రం దించి పొద్దున్నే తీయండి. రాత్రిపూట నీళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లక్కర్లేదు, లైటు సంగతి టైమరు చూసుకుంటుంది. పౌర్ణమికి వెన్నెల మన లైటుకి పోటీ, పిల్లలు తక్కువ పడతాయి. కాబట్టి తిథి కూడా రాయండి.

పట్టినదాన్ని తెల్ల బేసిన్‌లో పోసి, నీడలో, కదపకుండా ఒక నిమిషం ఆగండి. గాజుసూదిలా, రెండు నల్లచుక్కల కళ్లతో తిన్నగా ముందుకి ఈదేది రొయ్యపిల్ల. పెసరగింజంత ఉండి, ముందు బుల్లి డెక్కలు, వెనక చాచిన తోక ఉంటే మెగలోపా. నెత్తిన ముల్లుతో ఆవగింజకన్నా చిన్నగా కనిపించేవి జోయియాలు. వాటిలో చాలావరకు జాలిలోంచే జారిపోతాయి, లెక్కలో కలపకండి.

వందలకొద్దీ పడితే ఒక్కొక్కటీ లెక్కపెట్టే పని లేదు. మొత్తాన్ని లీటరు నీటికి సరిచేసి, బాగా కలిపి, 100 మిల్లీలీటర్లు తీసి లెక్కపెట్టండి, మళ్లీ అందులోనే పోయండి. ఇలా మూడుసార్లు చేసి సగటుని పదితో గుణించండి. ఆలస్యం చేయకుండా అన్నిటినీ తిరిగి కాలువలోకి వదిలేయండి.

నీటి ఉప్పు కొలవడానికి సెలినిటీ మీటరు ఏ రొయ్యల చెరువు రైతునడిగినా ఇస్తారు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో తప్పకుండా కొలవండి. వరదనీరు దిగితే కాలువలో ఉప్పు పడిపోతుంది, ఆ వారం లెక్క తగ్గితే కారణం అదే కావచ్చు.

ఒక్కటీ పడని రోజున పుస్తకంలో సున్నా రాయండి, ఖాళీ వదలకండి. ఏమీ పడలేదు కదా అని మేం మొదటి ఏడాది ఆ పేజీలు వదిలేశాం. తర్వాత చూస్తే, పిల్లలు రాలేదో, మేమే వెళ్లలేదో మాకే గుర్తులేదు. ఇప్పుడు వెళ్లని రోజుకి అడ్డగీత, వెళ్లినా పడని రోజుకి సున్నా.