ఆఖరి రెండు నిమిషాలు – 4వ పాఠం: బంతి చేయి వదిలే లోపు

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల ఆఖరి క్షణాలను ఎలా చూడాలో చెప్పే పాఠాలివి. ముందు గత పాఠంలో అడిగిన ప్రశ్న తేల్చుకుందాం. మీ జట్టు మూడు పాయింట్లు ముందుంది, బంతి ఎదుటివాళ్ల చేతిలో ఉంది, ఆట అయిపోవస్తోంది. కావాలని ఫౌల్ చేసి రెండు ఫ్రీ త్రోలకు (ఎవరూ అడ్డురాకుండా వేసే, ఒక్కో పాయింట్ షాట్లకు) పంపాలా, లేక త్రీ (దూరపు గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడకుండా కాపలా కాయాలా?

ఈ ప్రశ్నకు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. శాన్ ఆంటోనియో స్పర్స్ 95, మయామి హీట్ 92. ఇది గెలిస్తే కప్పు స్పర్స్‌దే. కప్పు అందించే వేడుక కోసం కోర్టు చుట్టూ పసుపు తాడు కూడా కట్టేస్తున్నారు. హీట్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ వేసిన త్రీ తప్పింది, రీబౌండ్ (తప్పి తిరిగొచ్చిన బంతి) అతని జట్టు క్రిస్ బాష్‌కే దొరికింది. అదే జట్టు రే అలెన్ వెనక్కి వెనక్కి అడుగులేస్తూ కుడి కార్నర్‌కి (కోర్టు మూలకి) చేరాడు, పాస్ అందుకున్నాడు, వేశాడు. 5.2 సెకన్లుండగా 95–95. ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయంలో) హీట్ 103–100తో గెలిచింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచి కప్పు తీసుకుపోయింది. స్పర్స్ ఫౌల్ చేసి ఉండాల్సిందని ఇప్పటికీ కొట్లాడుకుంటారు.

నా జవాబు: పది సెకన్లకు పైగా మిగిలి ఉంటే ఫౌల్ వద్దు. వాళ్లు రెండు ఫ్రీ త్రోలూ వేస్తారు, వెంటనే మిమ్మల్ని ఫౌల్ చేస్తారు, అప్పుడు మీ చెయ్యి వణకకూడదు. ఆ రాత్రే, దానికి కాసేపటి ముందే స్పర్స్ ఆటగాడు కవాయ్ లెనార్డ్ రెండు ఫ్రీ త్రోలలో ఒకటి పోగొట్టాడు. అది పడి ఉంటే అలెన్ త్రీ లెక్కలోకే వచ్చేది కాదు. ఆరు సెకన్ల లోపు, బంతి పట్టినవాడి వీపు రిమ్ (బంతి పడాల్సిన రింగు) వైపు ఉన్నప్పుడైతే మాత్రం ఫౌల్ చెయ్యాల్సిందే. ముఖం రిమ్ వైపు తిరిగాక చేస్తే వాడు షాట్‌లోకి లేస్తాడు, మూడు ఫ్రీ త్రోలు ఇవ్వాల్సి వస్తుంది.

ఇక ఇవాళ్టి పాఠం. ఆఖరి బంతిని పెద్ద ఆటగాడు తానే వెయ్యాలా, పక్కవాడికి ఇవ్వాలా?

మేం కొందరం ఆదివారం పొద్దున చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో ఆడి, చెమటలారేదాకా దగ్గర్లోని ఇరానీ హోటల్లో కూర్చుంటాం. ఎన్‌బీఏ ఫైనల్స్ జూన్‌లో మనకు ఉదయం ఆరింటికి మొదలవుతాయి, కాబట్టి ఆ రోజుల్లో ఆడటం మానేసి ఫోన్ చుట్టూ చేరతాం. తొమ్మిదింటికల్లా మ్యాచ్ అయిపోతుంది. వాదన మాత్రం మూడో చాయ్ దాకా సాగుతుంది. మాలో ఒక పెద్దన్న ఉన్నాడు, ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఆడినవాడు. ఇంకో తమ్ముడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాళ్లిద్దరి మాట ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది:

"స్టార్ అని ఎందుకంటరు మరి? ఆఖరి బంతి ఆడే వెయ్యాలె. పోతే ఆని చేతులకెల్లే పోవాలె."

"ఇద్దరు మీద పడ్డా ఆడే వెయ్యాల్నా అన్నా? కార్నర్ల ఒకడు ఖాళీగ నిలబడ్డడు గద."

"ఇచ్చిండు గద. పడ్డదా?"

"పడలే."

"అయితే?"

ఆ "అయితే?" దగ్గర తమ్ముడు తల దించుకుంటాడు. దించుకోకూడదు. బంతి పడిందా లేదా అన్నది షాట్ వేసినవాడి చేతి విషయం. పాస్ ఇవ్వాలన్న నిర్ణయం అంతకు ముందే అయిపోయింది. ఆ రెంటినీ విడదీసి చూడటమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని. చెప్పడం సులువే. కళ్లకు అలవాటు చెయ్యడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రెండు పాస్‌లను పక్కపక్కన పెడతాను.

మొదటిది 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్, షికాగో. బుల్స్, యూటా జాజ్ 86–86. బుల్స్ స్టార్ మైకేల్ జోర్డాన్‌కి అప్పటికే 39 పాయింట్లున్నాయి. ఆఖరి బంతి అతనిదేనని ప్రపంచమంతటికీ తెలుసు, జాజ్‌కి మరీ బాగా తెలుసు. టైమ్‌అవుట్‌లో (జట్టు అడిగి తీసుకునే విరామంలో) బెంచీ మీద జోర్డాన్ పక్కనున్న స్టీవ్ కెర్‌కి చెప్పాడు: నిన్ను కాస్తున్న స్టాక్‌టన్ నా మీదికి వస్తాడు, సిద్ధంగా ఉండు. ఉంటానన్నాడు కెర్. ఆట మొదలైంది. ఎడమ వైపు జోర్డాన్‌ని బ్రయన్ రసెల్ కాస్తున్నాడు. స్టాక్‌టన్ నిజంగానే కెర్‌ని వదిలేసి వచ్చాడు. జోర్డాన్ పాస్ ఇచ్చాడు, కెర్ వేశాడు, పడింది. గడియారంలో 5 సెకన్లు. చివరికి 90–86, బుల్స్‌కి కప్పు. జోర్డాన్ గొప్ప మనసు గురించి ఆ రోజు నుంచి చెప్పుకుంటూనే ఉన్నారు.

రెండోది 2007, ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ (ఎన్‌బీఏ ఫైనల్స్‌కి ముందు మెట్టు) మొదటి మ్యాచ్, డెట్రాయిట్ పిస్టన్స్ సొంత కోర్టు. లెబ్రాన్ అప్పటి జట్టు క్లీవ్‌లాండ్ 76–78తో వెనకబడి ఉంది. ఇరవై రెండేళ్ల లెబ్రాన్ తనను కాస్తున్న టేషాన్ ప్రిన్స్‌ని దాటి రిమ్ దాకా దూసుకెళ్లాడు. మరో డిఫెండర్ సాయానికి కదిలాడు. కుడి కార్నర్‌లో డాన్యెల్ మార్షల్ ఒంటరిగా నిలబడ్డాడు. మార్షల్ ఆ ముందు మ్యాచ్‌లో ఆరు త్రీలు వేసినవాడు. లెబ్రాన్ పాస్ ఇచ్చాడు, మార్షల్ వేశాడు, తప్పింది. 79–76, పిస్టన్స్ గెలిచింది. భయపడ్డాడన్నారు, ఆఖర్లో ఆడలేడన్నారు. ఆ మాట అతన్ని ఏళ్ల తరబడి వదల్లేదు.

ఇప్పుడు రెండు చోట్లా బంతి పాసర్ చేయి వదిలిన క్షణం దగ్గర ఆపండి. రెండో డిఫెండర్ వచ్చాడా? వచ్చాడు. ఎవరినో వదిలేసి వచ్చాడా? వదిలేశాడు. మిగిలిపోయినవాడు షూటరేనా? రెండు చోట్లా షూటరే. అంతవరకు రెండూ ఒకే నిర్ణయం. ఒకదాన్ని నెత్తిన పెట్టుకున్నాం, ఇంకోదాన్ని కాలితో తన్నాం.

తేడా ఒకటుంది, కానీ అది పెద్దన్న చెప్పే తేడా కాదు. జోర్డాన్ దగ్గర స్కోరు సమంగా ఉంది. తప్పినా ఓవర్‌టైమే. అక్కడ చూడాల్సింది ఎదుటివాళ్లకు సమయం మిగలకుండా వేశారా అన్నదే. లెబ్రాన్ రెండు వెనక, అదీ పరాయి కోర్టులో. అక్కడ లెక్క వేరు. చాయ్ కప్పు కింద కాగితం పెట్టి తమ్ముడితో వేయించిన లెక్కే మీకూ చెబుతాను. అంకెలు నేను అనుకున్నవి, మీరు మీవి వేసుకోండి.

కార్నర్‌లో ఖాళీగా ఉన్న మంచి షూటర్ త్రీ వందకు 38 పడుతుందనుకుందాం. పడితే దాదాపు గెలిచినట్టే, అంటే వందకు 38 గెలుపులు. ఇద్దరి మధ్యలోంచి లేఅప్ (రిమ్ దగ్గరికెళ్లి వేసే రెండు పాయింట్ల షాట్) వందకు 50 పడుతుందనుకుందాం. పడినా గెలుపు కాదు, స్కోరు సమం అవుతుంది అంతే. ఓవర్‌టైమ్‌లో సగం గెలుస్తామనుకున్నా 25 గెలుపులు. "ఫౌల్ వస్తే?" అన్నాడు పెద్దన్న. మంచి ప్రశ్న. లేఅప్ పడి, ఫౌల్ కూడా తోడైతే ఆ ఫ్రీ త్రోతో గెలవచ్చు. దానికి ఇంకో ఐదో ఆరో కలపండి. అయినా 38కి అందదు. ఆ 38ని లేఅప్‌తోనే అందుకోవాలంటే అది వందకు 76 సార్లు పడాలి. అంటే ఎదురుగా ఎవరూ లేని లేఅప్ అయితేనే తానే వెయ్యాలి. పెద్దన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకోలేదు, కానీ జేబులో పెట్టుకున్నాడు.

అదే సిరీస్ ఐదో మ్యాచ్ కూడా చూడండి. క్లీవ్‌లాండ్ ఆఖరి 30 పాయింట్లలో 29 లెబ్రానే వేశాడు, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 109–107. చివరి బాస్కెట్ 2.2 సెకన్లుండగా పడిన లేఅప్. నాలుగు మ్యాచ్‌లలో ధైర్యం పుట్టుకొచ్చిందన్నారు. నాకలా కనపడదు. దారి మూసుకున్నప్పుడు ఇచ్చాడు, తెరుచుకున్నప్పుడు వెళ్లాడు. రెండు రాత్రులూ అవే కళ్లు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే పాస్ అందుకునేవాడి వైపు నుంచి ఎవరూ మాట్లాడరు. డిగ్రీ రోజుల్లో ఒక అంతర్ కాలేజీ మ్యాచ్. ఒక పాయింట్ వెనకబడి ఉన్నాం, తొమ్మిది సెకన్లున్నాయి. మా పాయింట్ గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) లోపలికి దూరాడు. నన్ను కాస్తున్నవాడు అతని మీదికి వెళ్లాడు. నేను కార్నర్‌లో ఒంటరిగా ఉన్నాను. నా చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. అతను ఎలాగూ తానే వేస్తాడని నేను చూస్తూ నిలబడ్డాను. పాస్ నా ఛాతీ ఎత్తున, కొలిచినట్టు వచ్చింది. చేతులు లేచేసరికి వేళ్లకు తగిలి గీత దాటిపోయింది. బస్సులో అందరూ అతన్నే అన్నారు: నువ్వే వెయ్యాల్సింది, వాడికెందుకిచ్చావ్. అతను ఒక్క మాట అనలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ పాస్ సరైనది. నేను సిద్ధంగా లేను. అప్పటినుంచీ ఆఖరి బంతి చూసేటప్పుడు నా చూపు ముందు కార్నర్‌లో ఉన్నవాడి చేతుల మీదికే పోతుంది. మోకాళ్లు వంచి, అరచేతులు ఛాతీ ముందు తెరిచి ఉంటే పాస్ ఇవ్వదగినవాడు. నిటారుగా నిలబడి బంతినే చూస్తుంటే, ఎంత ఖాళీగా ఉన్నా సగం మూసుకున్న దారే.

ఇక సాధన. నోటు పుస్తకం, ఫోన్‌లో ఏదైనా పాత మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాల వీడియో చాలు. ఫలితం మీకు గుర్తులేని మ్యాచ్ అయితే మేలు. ఆట మొదలయ్యే ముందే స్కోరు తేడా, గడియారం, టైమ్‌అవుట్లు, ఫౌళ్లు రాసుకోండి. ఫౌళ్ల దగ్గర ఒక జాగ్రత్త: మన దగ్గర ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో క్వార్టర్‌లో జట్టు ఐదో ఫౌల్ నుంచి ఫ్రీ త్రోలు. ఎన్‌బీఏలో ఆఖరి రెండు నిమిషాల్లో రెండో ఫౌల్‌కే ఫ్రీ త్రోలు రావచ్చు. ఇది తెలియకపోతే డిఫెండర్ ఎందుకు పట్టుకున్నాడో, ఎందుకు వదిలేశాడో అర్థం కాదు.

ఆట మొదలయ్యాక బంతిని చూడకండి. అలవాటు లేనివాళ్లకు ఇది చాలా కష్టం, కన్ను దానంతటదే బంతి వెంట పరుగెడుతుంది. మీరు వెతకాల్సింది రెండో డిఫెండర్ని, అంటే బంతి పట్టినవాడిని కాస్తున్నవాడు కాక, సాయానికి కదిలే మనిషిని. అతని మొదటి అడుగు పడగానే వెనక్కి చూడండి, ఎవరిని వదిలి వచ్చాడు? నిర్ణయం అక్కడే పుడుతుంది. రెండో మనిషి రాకపోతే స్టార్ వెయ్యాలి, అప్పుడు పాస్ ఇస్తే తప్పించుకున్నట్టే. ఈ మాటలో పెద్దన్నతో నాకు పేచీ లేదు. వచ్చాడంటే, వదిలేసినవాడి చేతులు చూడండి.

బంతి చేయి వదలగానే వీడియో ఆపండి. "సరి" లేదా "తప్పు" అని పెన్నుతో రాయండి. మనసులో అనుకుంటే చాలదు, బంతి రింగు చుట్టూ తిరిగి బయటికొచ్చాక మనసు తన మాట మార్చేస్తుంది, మార్చినట్టు కూడా తెలియనివ్వదు. రాశాక మిగతాది చూడండి. రాసింది కొట్టేయకండి.

కొన్నిసార్లు ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే నిర్ణయమే జరగదు. 2018 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్, గోల్డెన్ స్టేట్ వారియర్స్ 107–107 దగ్గర క్లీవ్‌లాండ్ ఆటగాడు జార్జ్ హిల్ రెండో ఫ్రీ త్రో తప్పితే, 4.7 సెకన్లుండగా రీబౌండ్ అదే జట్టు జే.ఆర్. స్మిత్‌కి దొరికింది. అతను రిమ్ వైపు కాకుండా బయటికి డ్రిబుల్ చేసుకుంటూ పోయాడు. క్లీవ్‌లాండ్‌కి ఒక టైమ్‌అవుట్ ఉంది, ఎవరూ అడగలేదు. ఓవర్‌టైమ్‌లో వారియర్స్ 124–114తో గెలిచింది. దీన్ని తెలివి తక్కువతనం అనకుండా, ఆ ఐదుగురిలో స్కోరు గట్టిగా అరిచి చెప్పే బాధ్యత ఎవరిది అని అడగండి. మా ఆదివారం ఆటలో ఇప్పుడు ప్రతి ఫ్రీ త్రోకి ముందు ఒకరు స్కోరు అరుస్తారు. ఈ మధ్య ఆ పని తమ్ముడిది.

వచ్చే పాఠం దాకా ఈ ఒక్క బంతి చూసి రండి: 2025 ఫైనల్స్ మొదటి మ్యాచ్, ఓక్లహోమా సిటీలో. థండర్ 110, ఇండియానా పేసర్స్ 109. థండర్ షాట్ తప్పింది, రీబౌండ్ పేసర్స్‌కి దొరికింది. పేసర్స్ కోచ్ రిక్ కార్లైల్ టైమ్‌అవుట్ అడగలేదు. పేసర్స్ ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ బంతిని తానే ముందుకు తెచ్చి వేశాడు. 0.3 సెకన్లుండగా పడింది, 111–110. పడిందన్న సంగతి పక్కన పెట్టండి. రీబౌండ్ దొరికిన క్షణంలో ఆపి, థండర్ డిఫెండర్లు ఐదుగురూ ఎక్కడెక్కడ ఉన్నారో కాగితం మీద చుక్కలు పెట్టండి. టైమ్‌అవుట్ అడిగి ఉంటే ఆ చుక్కలు ఎక్కడికి కదిలేవో పక్కనే ఇంకో బొమ్మ గీయండి. కార్లైల్ చేసింది సరా తప్పా, ఆ రెండు బొమ్మలు ముందు పెట్టుకుని 5వ పాఠంలో మాట్లాడుకుందాం.