స్కేల్ కరెక్టే, సోలో మాత్రం జాజ్‌లా లేదు: తేడా ఎక్కడ కొడుతోంది?

బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని వాయిస్తే ఒక్క తప్పు నోటూ పడదు. రికార్డ్ చేసి వింటే మాత్రం పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. నా పాత రికార్డింగులన్నీ ఇంతే. నోట్లు మార్చాల్సిన పని లేదు, ఏ నోటు ఏ బీటు మీద పడుతోందో చూసుకోవాలి.

సమస్య: సి7 మీద స్కేల్ దిగుతుంటే కార్డ్ వినిపించడం లేదు

సి7 అంటే సి, ఇ, జి, బి ఫ్లాట్ (బి కంటే అరమెట్టు కింది నోటు) కలిసి ఒకేసారి మోగే కార్డ్. కారణం చిన్న లెక్క. దాని మీద వాయించే సి మిక్సోలిడియన్ స్కేల్‌లో ఏడు నోట్లు: సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి ఫ్లాట్. హరికాంభోజి మెట్లే ఇవి. 4/4 బారులో, అంటే నాలుగు బీట్ల ఆవర్తంలో, బీటుకి రెండు చొప్పున వాయిస్తే ఎనిమిది నోట్లు కావాలి. పై సి నుంచి దిగి చూడండి:

సి–బి ఫ్లాట్ / ఏ–జి / ఎఫ్–ఇ / డి–సి

బీటు మీద పడినవి సి, ఏ, ఎఫ్, డి. ఈ నాలుగూ కలిపితే డి మైనర్ సెవెన్! వెనక పియానో సి7 అంటోంది, మీరేమో బలమైన చోటల్లా ఇంకో కార్డ్ చెబుతున్నారు. అసలు రంగు తెచ్చే ఇ, బి ఫ్లాట్ రెండూ బీట్ల మధ్య సందుల్లో నలిగిపోయాయి.

పరిష్కారం: సి, బి ఫ్లాట్‌ల మధ్య మామూలు బి ఒకటి దూర్చండి.

సి–బి / బి ఫ్లాట్–ఏ / జి–ఎఫ్ / ఇ–డి

ఇప్పుడు బీటు మీద సి, బి ఫ్లాట్, జి, ఇ. వెనక ఎవరూ వాయించకపోయినా సి7 అని తెలిసిపోతుంది. దీన్నే బీబాప్ స్కేల్ అంటారు. ఆ పేరు పెట్టింది ఇండియానా యూనివర్సిటీలో జాజ్ చెప్పిన డేవిడ్ బేకర్. బీబాప్ అనే జాజ్ శైలిని నడిపించిన శాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ తరం మాత్రం పేరుతో పని లేకుండా 1940లలోనే వాయించేసింది.

సమస్య: ఆ అదనపు నోటు వేసినా ఒక్కోసారి అతకడం లేదు

ఎక్కడ మొదలుపెట్టారో చూడండి. మొదటి బీటు మీద డి పెట్టి, అలవాటుగా బి కూడా వేస్తే డి, బి, ఏ, ఎఫ్ బీటు మీదికి వస్తాయి. మళ్లీ మొదటికే. డి నుంచి దిగేటప్పుడు అదనపు నోటు మానేయండి: డి–సి / బి ఫ్లాట్–ఏ / జి–ఎఫ్ / ఇ–డి, తర్వాతి బారు మొదట్లో సి. అతికినట్టు సరిపోతుంది. కార్డ్ నోటు మీద మొదలైతే ఒకటి కలపాలి, మిగతావాటి మీద మొదలైతే కలపక్కర్లేదు. జాజ్ పియానిస్టు బ్యారీ హారిస్ తన క్లాసుల్లో ఇలాంటి హాఫ్ స్టెప్ (అరమెట్టు) లెక్కలే విద్యార్థులతో పదేపదే వాయించేవాడు.

కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చినవాళ్లకి ఇక్కడ కొంచెం ఇబ్బంది ఎక్కువ. మనకి ఆధార షడ్జం కచేరీ అంతా కదలదు. ఇక్కడ బారు బారుకీ కార్డ్ మారుతుంది, నిన్నటి న్యాస స్వరం ఇవాళ దారిన పోయే నోటు అయిపోతుంది.

సమస్య: సి మేజర్ సెవెన్ మీద ఎఫ్ దగ్గర ఆగితే చెవికి గుచ్చుకుంటోంది

కింద కార్డ్‌లో (సి, ఇ, జి, బి) ఇ మోగుతోంది, దానికి అరమెట్టు పైన మీ ఎఫ్ కూర్చుంది. సందులో వాయించి దాటేయండి, లేదా అరమెట్టు పెంచి ఎఫ్ షార్ప్ చేయండి. జాజ్ సిద్ధాంతకర్త జార్జ్ రస్సెల్ 1953లో బయటపెట్టిన సిద్ధాంతం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది: సి నుంచి ఐదో స్వరాలు పేర్చుకుంటూ పోతే సి, జి, డి, ఏ, ఇ, బి, ఆ తర్వాత ఎఫ్ షార్ప్. మామూలు ఎఫ్ ఆ వరసలోకి రాదు. సిద్ధాంతం మొత్తం తలకెక్కించుకోవాలంటే టెన్షనే, ఈ ఒక్క ముక్క చాలు.

సమస్య: అన్నీ సరిచేశాక మెషీన్‌లా వినిపిస్తోంది

ఇది మంచి జబ్బే. వరస మెట్లు మాని, చేరాల్సిన నోటుని అటూ ఇటూ చుట్టుముట్టండి. మూడో బీటు మీద ఇ కావాలంటే రెండో బీటు మీద ఎఫ్, దాని సందులో డి షార్ప్, తర్వాత ఇ. మెట్రోనోమ్ 60లో పెట్టి, ఆ టిక్కుని 2, 4 బీట్లుగా లెక్కపెట్టుకోండి. వాయిద్యం పక్కన పెట్టి ముందు నోటితో పాడండి. ఇ దగ్గర గొంతు తడబడితే వేళ్లూ అక్కడే తడబడతాయి.