ఏళ్లుగా కదలని ఫెరారీ ఎఫ్40: తాళం తిప్పేముందు

ఓడోమీటర్‌లో అంకె చిన్నదని మురిసిపోకండి. నిలబడి ఉండటమే ఈ బండికి పెద్ద చేటు.

• పెట్రోల్: అన్నిటికన్నా ముందు ఇదే. 1987–92 మధ్య తయారైన ఈ కార్లలో చాలావాటిలో పెట్రోల్ ఉండేది రేసు కార్లలోలా రబ్బరు సంచుల్లో. ఏళ్లు గడిస్తే రబ్బరు బీటలిస్తుంది, నలుసులు రాలి ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తాయి. పైపుల అతుకుల దగ్గర తెల్లగుడ్డతో తుడవండి. తడి తగిలినా, వాసన వచ్చినా అక్కడితో ఆపేయండి. వేడి టర్బోల (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంకాలు) పక్కన కారే పెట్రోల్ అంటే నిప్పే. పాత పెట్రోల్ మొత్తం తోడేయాలి.

• టైమింగ్ బెల్టులు (వాల్వులను పిస్టన్లతో లయలో కదిలించే పట్టీలు): కిలోమీటర్లు కాదు, మార్చిన తేదీ చూడండి. రసీదు లేకపోతే మార్చనట్టే లెక్క. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి.

• ఇంజిన్: ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో అర చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసు) చేత్తో రెండు చుట్లు తిప్పండి. పట్టేస్తే బలవంతం వద్దు. తర్వాత ఇగ్నిషన్, పెట్రోల్ పంపులు విడదీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పండి, పది సెకన్లకోసారి ఆపుతూ.

• టైర్లు: పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2314 అంటే 2014లో 23వ వారం. టైరు మీది గాళ్లు కొత్తగా మెరుస్తున్నా సరే, అంత పాత టైర్లతో రోడ్డెక్కొద్దు. ఈ కారుకి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) కూడా లేదు.

• మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో.