మనసు తడబడినప్పుడు మనకు మనం చెప్పుకునే మాట

తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి ఒక మంత్రం కావాలనుకునేవారిలో చాలామంది, ఎవరో అందంగా రాసిన వాక్యాలను ముందు పెట్టుకుని వాటిలో నచ్చినదాన్ని ఎంచుకుంటారు. అలా దొరికిన వాక్యం రెండు మూడు రోజులు ఉత్సాహాన్నిచ్చి, నిజంగా అవసరమైన ఘడియలో గుర్తుకైనా రాకుండా పోతుంది. అది మరొకరి భయానికి జవాబుగా పుట్టిన మాట కావడమే అందుకు కారణం. మనకు సరిపోయే మాట దొరకాలంటే, కష్టసమయంలో మనం లోలోపల ఇప్పటికే ఏమనుకుంటున్నామో ముందుగా వినాలి.

కొన్నాళ్లపాటు ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర ఉంచుకుని, పనిని వాయిదా వేసినప్పుడు, నలుగురి ముందు నోరు పెగలనప్పుడు, చేసినదంతా వృథా అనిపించినప్పుడు లోపల వినిపించిన మాటను ఉన్నదున్నట్టుగా రాసుకోవాలి. దాన్ని సంస్కరించి రాయకూడదు. "నాకు ఆత్మవిశ్వాసం కొరవడింది" అని లోలోపల ఎవరూ అనుకోరు, "మళ్లీ పరువు పోతుంది" అనే అనుకుంటారు. వారం పది రోజుల తర్వాత ఆ పుటలు తిరగేస్తే, వాక్యాలు ఎన్ని ఉన్నా వాటి వెనుక ఉన్న గొంతులు ఒకటో రెండో మాత్రమేనని తెలుస్తుంది. "నా వల్ల కాదు" అనేది శక్తిని గురించిన అనుమానం, "అందరూ ఏమనుకుంటారో" అనేది ఇతరుల చూపును గురించిన బెరుకు, "నా బతుకెప్పుడూ ఇంతే" అనేది ఒక్క వైఫల్యాన్ని జీవితమంతటికీ అంటగట్టే తొందరపాటు. మొదటిదానికి పనికొచ్చే జవాబు మూడోదానికి పనికిరాదు.

జవాబు రాసుకునేటప్పుడు చాలామంది ఆ మాటకు పూర్తి వ్యతిరేకమైనదాన్ని రాస్తారు. "నేను చేతకానివాణ్ణి" అన్న చోట "నేను అజేయుణ్ణి" అని పెడతారు. ఇది వినడానికి బాగున్నా, అప్పటికే కుంగి ఉన్న మనిషికి మేలు కన్నా కీడు చేసే అవకాశం ఎక్కువ. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జోవాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమపై తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు "నేను ప్రేమకు పాత్రమైన వ్యక్తిని" అని పదేపదే అనుకున్నప్పుడు, అనుకోని వారికన్నా మరింత దిగులుగా ఉన్నట్టు తేలింది. నమ్మలేని మాట లోపలికి వెళ్లగానే మనసు దానితో వాదానికి దిగి, పాత ఓటములన్నిటినీ సాక్ష్యాలుగా పిలిపిస్తుంది. కాబట్టి మాటను మన మనసు వాదించకుండా ఒప్పుకునే స్థాయికి దించాలి. సభలో మాట్లాడాలంటే వణికే వ్యక్తికి "నేను గొప్ప వక్తను" అనేది అబద్ధంగా తోస్తుంది, "మొదటి వాక్యం నాకు తెలుసు, అది చెబుతాను" అనేది తోయదు. రాసుకున్న మాటను మనసు బాగున్నప్పుడు కాకుండా, అలసటతో విసుగ్గా ఉన్న సాయంత్రం ఒకసారి పైకి చదివి చూడాలి. అప్పుడు కూడా అది వెక్కిరింపుగా వినిపించకపోతే ఉంచుకోవచ్చు.

ఫ్రాన్సులో ఔషధ విక్రేతగా పనిచేసిన ఎమిల్ కువే (1857–1926), "ప్రతిరోజూ, అన్ని విధాలా, నేను అంతకంతకూ మెరుగవుతున్నాను" అనే వాక్యాన్ని నిద్ర లేవగానే, నిద్రపోయే ముందు ఇరవైసార్ల చొప్పున అనుకోమని, లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన తాడును వాడమని బోధించాడు. సాధించానని కాకుండా మెరుగవుతున్నానని చెప్పడంలో అతని తెలివి ఉంది. అయితే అంత విశాలమైన వాక్యం రోజువారీ జపానికి సరిపోతుందేమో గాని, ఇంటర్వ్యూ గది తలుపు ముందు నిలబడినవారికి అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదని నా అభిప్రాయం.

మాట ఒక్క ఊపిరిలో పూర్తయ్యేంత చిన్నదిగా ఉండాలి. "భయపడకు", "తడబడకు" వంటి నిషేధాలు అందులో ఉండకూడదు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పినవారికి అదే పదేపదే గుర్తుకు వచ్చినట్టు మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లోనే చూపింది. వద్దన్నదాని స్థానంలో చేయవలసిన పనిని పెడితే సరిపోతుంది. పని స్వభావాన్ని బట్టి మాట కూడా మారుతుంది. చేతి నేర్పు, సునిశితమైన శ్రద్ధ అవసరమైన పనికి "నెమ్మదిగా, ఒక్కొక్కటిగా" వంటి సూచన బాగా పనిచేస్తుంది. పరుగు, సైకిల్ తొక్కడం వంటి ఓర్పుతో కూడిన పనికి "ఇంకాస్త, ఇంకాస్త" వంటి ప్రోత్సాహం సరిపోతుంది. 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 24 మంది పాల్గొనగా, రెండు వారాలు ఇటువంటి మాటలు సాధన చేసినవారు అలసి ఆగిపోయే వరకు సైకిల్ తొక్కిన సమయం సుమారు 18 శాతం పెరిగింది.

మరొక ఉపాయం, "నేను" అనడానికి బదులు మనల్ని మనమే పేరు పెట్టి, "నువ్వు" అని పలకరించుకోవడం. మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనాలలో, ఉపన్యాసం వంటి ఒత్తిడి పనికి ముందు ఇలా మాట్లాడుకున్నవారికి ఆందోళన తగ్గింది. స్నేహితుడు ఇదే కష్టంలో ఉంటే మన నోట సులువుగా వచ్చే మాట మన విషయంలో రాదు. పేరుతో పిలుచుకోవడం, మనల్ని మనం స్నేహితుడిలా చూసుకోవడానికి కావలసిన దూరాన్ని కొంత కల్పిస్తుంది. మొదట్లో ఇది కాస్త ఎబ్బెట్టుగా అనిపించడం సహజమే, ఎవరూ వినరు గనుక సంకోచించనక్కర లేదు.

సరైన మాట దొరికినా అది అవసరమైన క్షణంలో తానుగా గుర్తుకు రాదు, కనుక దాన్ని ఒక నిర్దిష్టమైన సందర్భానికి కట్టివేయాలి. "ఇది జరిగితే, అప్పుడు ఇది చేస్తాను" అని ముందే నిశ్చయించుకున్నవారు అనుకున్న పనిని ఎక్కువగా పూర్తిచేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి. "ప్రశ్నపత్రం చేతికి రాగానే, ఊపిరి వదులుతూ, తెలిసినదానితో మొదలుపెట్టు అనుకుంటాను" అని రాసుకున్నవారికి మాట, సమయం, మొదటి కదలిక మూడూ ఒకేసారి సిద్ధమవుతాయి. గోడకు అంటించిన కాగితం నాలుగు రోజులకే కంటికి ఆనడం మానేస్తుంది. సాధన పెద్ద ఆపదతో మొదలుపెట్టకుండా, ఇష్టం లేని ఫోన్ చేయడం, వాయిదా వేసిన ఉత్తరం తెరవడం వంటి చిన్న ఇబ్బందులతో చేయాలి. మాట అనుకున్న వెంటనే చేయి కదలాలి. అనుకోవడంతోనే ఆగిపోతే, వాయిదాకు అది మరొక సాకు అవుతుంది.

ఎంత ప్రయత్నించినా నమ్మదగిన వాక్యం కుదరనివారు కొద్దిసేపు తమ శక్తి సంగతి పక్కన పెట్టి, తమకు అన్నిటికన్నా ముఖ్యమైనదేమిటో, అది ఎందుకు ముఖ్యమో ఒక పేజీ రాసి చూడవచ్చు. పిల్లలు, చేతిపని, నిజాయితీ, ఏదైనా కావచ్చు. మాట చాలాసార్లు ఆ పేజీలోనే ఉంటుంది.

కొన్నాళ్లకు మాట అరిగిపోయి అలవాటు శబ్దంగా మారితే నిస్సంకోచంగా మార్చుకోవాలి. అయితే మార్చవలసినది మాటనా, పరిస్థితినా అన్నది కూడా చూసుకోవాలి. రోజూ అవమానించే వ్యక్తి ఎదుట "ఓర్చుకో" అని జపిస్తున్నవారి మంత్రం వారికన్నా ఆ అవమానించేవారికే ఎక్కువ ఉపకరిస్తోంది. దిగులు రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ వెంటాడుతూ, నిద్ర, ఆకలి, చేసే పని మీద ఆసక్తి తగ్గిపోయినా, బతకాలనిపించకపోయినా, వాక్యం కోసం వెతుకుతూ ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. బతకాలనిపించని స్థితిలో రెండు వారాలు గడిచే దాకా ఆగకుండా, అదే రోజు దగ్గరివారికి చెప్పి సహాయం తీసుకోవాలి.