తెలుగు వెబ్ పేజీ అమరిక – 3వ పాఠం: ఫోన్లో ఒంటి చేత్తో చూసేవాళ్ల కోసం

పోయిన పాఠంలో కడప బండల దుకాణానికి ఒక పేజీ కాగితం మీద గీయమన్నాను కదా, ఆ బొమ్మ బయటికి తీయండి. పైన పెద్ద ఫొటో, దాని కింద 'మా గురించి' పెట్టి ఉంటారు. మొదట్లో నేనూ అలాగే పెట్టాను.

ఒక బండల వ్యాపారికి చేసిచ్చిన పేజీ అది. పైన నాలుగు ఫొటోలు వాటంతట అవే జరుగుతుంటాయి. నాకు భలే ముచ్చటగా ఉండేది. ఒకరోజు కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతూ, ఇల్లు కట్టుకుంటున్న ఒకాయనకు చూపించాను. ఆయనకు ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. బొటనవేలితో మూడుసార్లు పైకి తోశాడు. "అడుగు రేటు యాడుంది సామీ?" అన్నాడు. రేటు పేజీ చివర ఎక్కడో ఉంది. ఫోన్ నంబరేమో ఫొటోలోనే రాసి ఉంది, నొక్కితే కాల్ పోదు. ఫోను నా చేతికిచ్చి టీ తాగడంలో పడ్డాడు.

బండలు కొనడానికొచ్చినవాడు అడిగేది ఏ రకం, మందం ఎంత, అడుగు ఎంత, లారీ బాడుగ ఎవరిది అనే. మీ పేజీ కూడా అదే వరుసలో ఉండాలి. జరిగే ఫొటోలు తీసేయండి. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్లో, వేలితో తోయకముందే రకం, రేటు, 'ఫోన్ చేయండి' బటన్ కనిపిస్తే చాలు. 'మమ్మల్ని సంప్రదించండి' అని రాయకండి. అది చిన్న బటన్లో పట్టక రెండు ముక్కలవుతుంది, పైగా అట్లా ఎవరూ మాట్లాడరు.

బటన్ ఎంత ఉండాలి? వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఉండాలని చెప్పే నియమావళి, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2, కనీసం 24 పిక్సెళ్లు అంటుంది. ఆండ్రాయిడ్ సలహా 48, అంటే తెర మీద దాదాపు 9 మిల్లీమీటర్లు. సున్నం, సిమెంటు అంటిన వేళ్లకు 48 పెట్టడమే న్యాయం.

ఇక ఇంగ్లిష్ పాఠాల్లో దొరకని సంగతి. వాళ్లు లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకిచ్చే ఎత్తు, అక్షరం సైజుకు 1.2 రెట్లు పెట్టినా నడిచిపోతుంది. మనకు అక్షరం కింద ఒత్తులు, పైన గుడులు ఉన్నాయి. ఒక వరుసలో 'రాష్ట్రం', సరిగ్గా దాని కింది వరుసలో 'కీర్తి' వచ్చేలా రాసి 1.2తో చూడండి. చాలా ఫాంట్లలో పైమాట ఒత్తు కిందిమాట గుడి మీదికొచ్చి కూర్చుంటుంది. కొన్ని ఫాంట్లలో ఒత్తు సగానికి తెగిపోతుంది కూడా. ఇప్పుడు 1.7 చేయండి, వరుసలు విడివడతాయి. అక్షరం సైజు నేను 18 పిక్సెళ్ల కంటే తగ్గించను. ఇంగ్లిష్ 16లో హాయిగా కనిపించే చోట తెలుగు ఒత్తులు చీమల్లా ఉంటాయి.

రంగు విషయం ఒక్క ముక్కలో చెప్తాను. తెల్లటి పేజీ మీద #999999 బూడిద రంగు అక్షరాలు వద్దు, వాటి కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ ఉన్న వెలుగు తేడా, 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 కావాలి. ఇంకాస్త ముదురు బూడిద #767676 అయితే అంచున గట్టెక్కుతుంది. మన ఎండలో ఇంకా ముదురుగా పెట్టినా తప్పులేదు.

ఈ వారం పని: పేజీ మార్చాక ఇంట్లో ఎవరికైనా ఫోనిచ్చి, "అడుగు రేటు చూసి చెప్పు" అనండి. తర్వాత నోరు మెదపకండి, ఇది కష్టమే. బొటనవేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ తప్పు నొక్కిందో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రండి, వచ్చే పాఠంలో రేట్ల పట్టికను ఫోన్ వెడల్పులో ఇరికిద్దాం.