ఒకదాన్నొకటి కోసే రన్‌వేలు: టవర్‌లో కూడలిని కాచుకోవడం ఎలా

రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకునే కూడలి దగ్గరికి వచ్చేసరికి రెండు రన్‌వేలూ ఒక్క రన్‌వే కిందే లెక్క. అక్కడ ఒకసారికి ఒక్క విమానానికే చోటు.

ఒక రన్‌వే మీద విమానం టేకాఫ్ పరుగు మొదలుపెట్టాలంటే, రెండో రన్‌వే మీంచి ముందు ఎగిరిన విమానం కూడలి దాటిపోయి ఉండాలి. ముందుది దిగిన విమానమైతే కూడలి దాటాలి, లేదా అంతకు ముందే రన్‌వే వదిలి పక్కకు తిరగాలి. దిగబోయే విమానం విషయంలో ఇంకా ముందే చూసుకోవాలి: అది రన్‌వే మొదలు దాటకముందే ఎగిరే విమానం కూడలి దాటేసి ఉండాలి.

టవర్ నుంచి విమానాలకు అనుమతులిచ్చే కొత్త కంట్రోలర్లు ఎక్కువగా తప్పేది టైము అంచనాలో. 140 నాట్ల (గంటకు 140 నాటికల్ మైళ్ల) వేగంతో వచ్చే జెట్‌కు ఒక నాటికల్ మైలు సుమారు 26 సెకన్ల దూరం. అవతల రన్‌వే మొదటి నుంచి 1,500 మీటర్లలో కూడలి ఉందనుకోండి. అనుమతి విన్నాక విమానం కదలడానికి 10 సెకన్లు, కూడలి చేరడానికి సుమారు 40 సెకన్లు, మొత్తం 50. దిగే విమానం తన రన్‌వే మొదటికి 2 నాటికల్ మైళ్లలో ఉండగా టేకాఫ్ ఇస్తే మీకు మిగిలేది ఒకటి రెండు సెకన్లు. 3 మైళ్లలో ఉండగా ఇస్తే పాతిక సెకన్లకు పైగా ఉంటుంది. బరువైన విమానమైనా, పైలట్ నెమ్మదిగా కదిలినా ఆ పాతికలోంచే పోతుంది.

ఈ లెక్కను రెండు సంగతులు తలకిందులు చేస్తాయి. దిగాల్సింది గో-అరౌండ్ చేసి, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచి, కూడలి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరిపోవచ్చు. ఎగరాల్సింది టేకాఫ్ విరమించి సరిగ్గా కూడలిలోనే ఆగిపోవచ్చు. అందుకే టేకాఫ్ ఇచ్చే ముందే, ‘వచ్చేది దిగకపోతే దాన్ని ఎటు తిప్పుతాను?’ అన్నదానికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. జవాబు లేకపోతే టేకాఫ్ ఆపండి. రన్‌వేలు నేల మీద కలవకపోయినా, వాటి దారులు గాలిలో కోసుకునే చోటా ఇదే జాగ్రత్త.

కూడలి ఎవరి చేతిలో ఉందో ఏ క్షణంలోనూ అనుమానం ఉండకూడదు. 2005 జూన్ 9న అమెరికాలోని బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో ఇద్దరు కంట్రోలర్లు కొన్ని సెకన్ల తేడాతో రెండు విమానాలకు టేకాఫ్ ఇచ్చారు: 15ఆర్ రన్‌వే మీద ఎయిర్‌బస్ ఎ330కి, దాన్ని కోసే 9వ నంబరు రన్‌వే మీద బోయింగ్ 737కి. 737 కో-పైలట్ అడ్డంగా వస్తున్న ఎ330ని చూసి, తన విమానం లేవకుండా కంట్రోల్ కాలమ్‌ను (ముక్కును పైకీ కిందికీ కదిపే స్టీరింగ్‌ను) ముందుకు నొక్కి పట్టాడు. అలా అది ఎ330 కింద నుంచి కూడలి దాటింది. వీలైతే రెండు రన్‌వేలనూ ఒకే కంట్రోలర్‌కు ఇవ్వండి. ఇద్దరుంటే, ఒక్కో విమానానికి విడిగా కూడలి వాడుకునే అనుమతిని రెండో కంట్రోలర్‌ను అడిగి తీసుకోవాలి. ఇచ్చిన మాటను తిరిగి చదివించుకుని, స్ట్రిప్ (ఆ విమానం వివరాలు రాసే పట్టీ) మీద గుర్తు పెట్టాలి. వాడకపోతే వెంటనే తిరిగివ్వాలి.

జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలెస్‌లో రన్‌వే మీద నిలబెట్టిన చిన్న విమానాన్ని కంట్రోలర్ మరిచిపోయి, దాని వెనకే 737కు దిగడానికి అనుమతి ఇచ్చారు. ఆ ఢీలో చిన్న విమానంలో ఉన్న 12 మందిలో ఒక్కరూ బతకలేదు. లైనప్ అయిన, అంటే టేకాఫ్ కోసం రన్‌వే మీద నిలిచిన విమానం ఉన్నంతసేపూ రెండు రన్‌వేల స్ట్రిప్‌ల దగ్గరా ఎర్ర గుర్తు ఉండాలి.

ప్రతి అనుమతిలో రన్‌వే నంబరు చెప్పండి. ‘హోల్డ్ షార్ట్’ (ముందే ఆగు) అన్నప్పుడు పైలట్ ‘రోజర్’ (విన్నాను) అంటే సరిపోదు, కాల్ సైన్‌తో (రేడియోలో విమానాన్ని పిలిచే పేరుతో) సహా అదే మాట తిరిగి వినిపించాలి. కూడలికి ముందే ఆగే షరతుతో దిగడాన్ని అనుమతించే చోట, పైలట్‌కు కాదనే హక్కు పూర్తిగా ఉంటుంది, ఒత్తిడి చేయకండి.

‘హెవీ’ తరగతి భారీ విమానం దారిని దాని వెనక వచ్చే తేలికపాటి విమానం కోస్తుంటే, వేక్ టర్బులెన్స్ (పెద్ద విమానం వెనక మిగిలే గాలి సుడులు) తగ్గడం కోసం 2 నిమిషాలు ఆపండి.

ఇంత చూసుకున్నా లెక్క తప్పితే, దిగే విమానాన్ని ముందుగా గో-అరౌండ్ పంపి, తిరగాల్సిన దిశ అదే మాటలో చెప్పండి. పరుగు మొదలవని విమానానికి ‘హోల్డ్ పొజిషన్, క్యాన్సిల్ టేకాఫ్’ అని చెప్పండి. పరుగు మొదలైతే ‘స్టాప్ ఇమ్మీడియట్లీ’ అని కాల్ సైన్‌తో రెండుసార్లు. కానీ వేగం అందుకున్నదాన్ని ఆపితే అది కూడలిలోనే నిలిచిపోవచ్చు. అప్పుడు దాన్ని పోనిచ్చి, రెండోదాన్ని మాత్రమే మళ్లించండి.