మా ఆవు పాలలో వెన్న శాతం ఎలా పెరిగిందంటే

మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) ఆవు పూటకు 10 లీటర్లిచ్చేది. కానీ పాల సేకరణ కేంద్రంలో కొలిస్తే వెన్న 3.2 శాతం దాటేది కాదు. నీళ్లు కలిపానేమో అన్నట్టు అక్కడివాళ్లు చూస్తే ప్రాణం చివుక్కుమనేది.

అది జాతి లక్షణం. హెచ్‌ఎఫ్ పాలలో వెన్న సుమారు 3.5 శాతం, జెర్సీ జాతి ఆవు పాలలో 5కి దగ్గర. ముందు దాణా తగ్గించి వరిగడ్డి, జొన్నచొప్ప పెంచాను. పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండాను, చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అయినా 3.6 దగ్గర ఆగిపోయింది.

చివరికి జెర్సీ సంకరం ఆవును కొన్నాను. పూటకు ఆరు లీటర్లే. రెండింటి పాలూ కలిపి పోస్తే 4.1 వచ్చింది! జెర్సీ ఆవు పాలు కాచి దించితే మీగడ లేత పసుపు రంగులో మందంగా కడుతుంది. అమ్మ ఆ మీగడ రోజూ గిన్నెలోకి తీసిపెడుతోంది.